ఇల్లు అద్దెకు ఇవ్వనన్నా, ఇంటి పట్టా ఆపినా ఎవరి దగ్గరకు వెళ్లాలి? కర్నూలు జిల్లా వాసులకు తరచుగా అడిగే ప్రశ్నలు

మన దేశంలో ఇళ్ల విషయంలో వివక్షను ఆపడానికి ఒకే చట్టం, ఒకే ఆఫీసు అంటూ లేవు. కులం చూసి ఓనర్ ఇల్లు ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. పట్టాల జాబితాలో పేరు ఎగిరిపోతే తహసీల్దార్ దగ్గరకు వెళ్లాలి. ఆ తహసీల్దార్ ఆఫీసే అన్యాయం చేస్తే కలెక్టర్, ఆపైన కమిషన్లు ఉన్నాయి. తప్పు ఆఫీసులో ఇచ్చిన అర్జీ నెలల తరబడి తిరిగి, ‘మా పరిధి కాదు’ అన్న ముక్కతో వెనక్కి వస్తుంది. ఈలోగా సాక్షులు మెత్తబడతారు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ అవుతాయి. ఎవరు కాదన్నారు, ఏ కారణంతో కాదన్నారు అన్న రెండు సంగతులు తేల్చుకుంటే దారి దొరుకుతుంది. కింది ప్రశ్నలు ఆ వరుసలోనే ఉన్నాయి.

‘మీరేమిట్లు?’ అని అడిగి, ఎస్సీ అని తెలిశాక ఇల్లు ఇవ్వనన్నారు. ఇది నేరమేనా?

నేరమే. ‘ఇల్లు నాది, నా ఇష్టం’ అన్న మాట ఇక్కడ చెల్లదు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని ప్రభుత్వమే కాదు, ఏ మనిషీ పాటించకూడదని చెబుతుంది. దాన్ని అమలు చేయడానికి వచ్చిన పౌర హక్కుల పరిరక్షణ చట్టం, 1955లోని సెక్షన్ 4 ప్రకారం, అంటరానితనం కారణంగా ఒక మనిషి ఏ ప్రాంతంలోనైనా నివాసం కట్టుకోకుండా, కొనుక్కోకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడం నేరం. శిక్ష నెలకు తగ్గకుండా ఆరు నెలల దాకా జైలు, దానితో పాటు 100 నుంచి 500 రూపాయల జరిమానా. జరిమానా చిన్నదని ఈ చట్టాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. కానీ జైలు శిక్ష తప్పనిసరి అన్న సంగతి మరిచిపోవద్దు. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఇది.

ఇదే చట్టంలో బాధితుడికి బాగా కలిసొచ్చేది సెక్షన్ 12. బాధితుడు ఎస్సీ అయితే, జరిగిన పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగానే భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాళ్లే. సెక్షన్ 7 కింద ఇచ్చిన వివరణలో, ఇల్లు గానీ భూమి గానీ అద్దెకు ఇవ్వననడాన్ని ‘బహిష్కరణ’లో భాగంగా ప్రత్యేకంగా రాశారు. దీన్ని ఫిర్యాదులో ఉదహరించేవాళ్లు చాలా తక్కువ. తప్పకుండా ఉదహరించండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టొచ్చా?

ఏం జరిగిందన్న దాన్ని బట్టి. 1989 నాటి ఈ చట్టాన్ని 2015లో సవరించారు. ఆ సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇళ్లకు సంబంధించి నాలుగు సందర్భాల్లో ఇది గట్టిగా నిలుస్తుంది. నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం, ఉంటున్న ఇల్లు లేదా ఊరు విడిచి పోయేలా చేయడం, స్థలం నుంచో ఇంటి నుంచో అక్రమంగా వెళ్లగొట్టడం, సామాజిక లేదా ఆర్థిక బహిష్కరణ విధించడం లేదా విధిస్తామని బెదిరించడం. సెక్షన్ 3(1) కింద శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ముందస్తు బెయిల్ ఉండదు.

ఇక్కడ తప్పులు ఎక్కువగా జరిగేది దూషణ కేసుల్లోనే. దూషణ ‘ప్రజలకు కనిపించే చోట’ జరిగి ఉండాలి. బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మాట ఎక్కడ అన్నారో రాయాలి. గేటు దగ్గరా, మెట్ల మీదా, వీధిలోనా? అప్పుడు పక్కన ఎవరున్నారు? ఈ రెండూ లేని ఫిర్యాదు కోర్టులో కూలిపోతుంది. నిందితుడు కూడా ఎస్సీ లేదా ఎస్టీ అయితే ఈ చట్టం వర్తించదు.

మర్యాదగానే ‘ఇవ్వలేం’ అని గేటు వేసుకున్న సందర్భానికి 1955 చట్టమే సూటిగా సరిపోతుంది. ఫిర్యాదులో రెండు చట్టాలూ పేర్కొనండి. ఏ సెక్షన్లు నిలుస్తాయో దర్యాప్తులో తేలుతుంది.

ఓనర్ కులం మాట ఎత్తలేదు. ‘వేరేవాళ్లకు మాటిచ్చాం’ అన్నాడు. ఎలా నిరూపించాలి?

నూటికి తొంభై మంది ఇలాగే అంటారు. అందుకే సాక్ష్యాన్ని ఆ రోజే పోగు చేసుకోవాలి, మర్నాటికి వాయిదా వేయొద్దు.

ముందుగా టూ-లెట్ బోర్డును ఫోటో తీయండి. వీధి, ఇంటి ముఖద్వారం కనపడాలి. రెండు మూడు రోజుల తర్వాత అదే బోర్డు ఇంకా వేలాడుతుంటే మళ్లీ తీయండి. మాటిచ్చిన ఇంటికి బోర్డు ఎందుకుందన్న ప్రశ్నకు అవతలివాళ్లు జవాబు చెప్పుకోవాలి. వేరే కులానికి చెందిన స్నేహితుడితో అదే నంబరుకు ఫోన్ చేయించి ఇల్లు ఖాళీగా ఉందా అని అడిగించండి. ఆయనకు ‘వచ్చి చూసుకోండి’ అన్న జవాబు వస్తే, ఆయన మీ సాక్షి. మధ్యలో బ్రోకర్ ఉంటే ‘వాళ్లు ఫలానా వాళ్లకే ఇస్తారంట’ అని ఆయన పంపిన మెసేజ్ అన్నిటికంటే విలువైనది.

స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందుకని అసలు మెసేజ్ ఉన్న ఫోన్‌ను దాచండి. అమ్మేయడం, ఫార్మాట్ చేయడం, పిల్లలకు ఇచ్చేయడం వద్దు. కాల్ రికార్డింగ్‌ను ఎడిట్ చేయకుండా, ఫైల్ పేరు కూడా మార్చకుండా ఉన్నది ఉన్నట్టే ఉంచండి. అనవసర భాగమని ముందో వెనుకో కత్తిరించిన ఆడియో మీదే అవతలి లాయరు మొదటి దెబ్బ కొడతాడు.

ఫిర్యాదులో ఏం రాయాలి?

ఒకటిన్నర పేజీ దాటొద్దు. బాధంతా రాయాలనిపిస్తుంది, అది సహజం. కానీ ఎస్సై చదివేది తేదీ, చోటు, మాట, సాక్షి. ఈ వరుసలో రాయండి:

మీ పేరు, కులం, ఉపకులం, చిరునామా. కుల ధ్రువీకరణ పత్రం నకలు జతచేసినట్టు ఒక వాక్యం. ఇల్లు ఎక్కడుంది, వార్డు నంబరు, డోర్ నంబరు. ఏ తేదీన ఎన్ని గంటలకు వెళ్లారు, వెంట ఎవరున్నారు. అద్దె, అడ్వాన్సు ఎంత చెప్పారు. కులం ఎప్పుడు, ఎవరు అడిగారు. వాళ్లన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, కొటేషన్లలో. ఆ తర్వాత ఏం జరిగింది. చివర సాక్షుల పేర్లు, జతచేసిన కాగితాలు.

‘నన్ను కులం పేరుతో అవమానించారు’ అని రాస్తే సరిపోదు. ‘సాయంత్రం ఆరు గంటలకు, మెట్ల దగ్గర, కింది పోర్షన్‌లో ఉండేవారు వింటుండగా, ఈ మాట అన్నారు’ అని రాసి, ఆ మాటను అలాగే రాయాలి. చేతిరాత అయినా ఫర్వాలేదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదానిపై స్టేషన్ ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి.

స్టేషన్‌లో ‘ఇది సివిల్ తగాదా, రాజీ చేసుకోండి’ అంటున్నారు.

అత్యాచారాల నిరోధక చట్టంలో 2018లో చేర్చిన సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్ఐఆర్ నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జులై 1న అమల్లోకి వచ్చాక ఒక కొత్త సాకు మొదలైంది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసే వీలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 173(3)లో ఉంది. దాన్ని చూపి ఎఫ్ఐఆర్ ఆపుతున్నారు. ప్రత్యేక చట్టంలో 18ఏ ఉందని మర్యాదగా, రాతపూర్వకంగా గుర్తుచేయండి.

అయినా కదలకపోతే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. బీఎన్ఎస్ఎస్ 173(4) కింద ఒకటి, అత్యాచారాల నిరోధక నియమాల్లోని రూల్ 5(3) కింద ఒకటి, రెండూ ఒకే లేఖలో పెట్టొచ్చు. పోస్టల్ రసీదు జాగ్రత్త. తర్వాతి మెట్టు కోర్టు. అక్కడ ఆ రసీదు లేకుండా పని నడవదు. కావాలని విధి నిర్వహించని అధికారికి, అతను ఎస్సీ, ఎస్టీ కాకపోతే, ఇదే చట్టంలోని సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది.

కేసు నమోదయ్యాక దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఎస్సైతోనో సీఐతోనో దర్యాప్తు పూర్తిచేయించి డీఎస్పీ సంతకం పెట్టిన కేసులు ఆ ఒక్క కారణంతోనే దెబ్బతింటాయి. మీ వాంగ్మూలం ఎవరు రాసుకున్నారో గమనించండి. దర్యాప్తుకు గడువు 60 రోజులు. జాతీయ హెల్ప్‌లైన్ 14566లో ఫిర్యాదు నమోదు చేస్తే డాకెట్ నంబరు వస్తుంది, దాన్ని పై అధికారులకు రాసే ప్రతి లేఖలో వేయండి.

మేముండేది నంద్యాలలో, ఇల్లు చూసింది కర్నూలులో. ఏ స్టేషన్?

నేరం జరిగింది కర్నూలు స్టేషన్ పరిధిలో. కానీ ఎక్కడ ఇచ్చినా తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి వాళ్లే బదిలీ చేస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక నంద్యాల, డోన్, ఆళ్లగడ్డ వైపు వాళ్లు పాత అలవాటుగా కర్నూలు కలెక్టరేట్‌కే అర్జీలు మోసుకొస్తున్నారు. పోలీసు ఫిర్యాదుకు జీరో ఎఫ్ఐఆర్ ఉంది, పట్టా అర్జీకి అలాంటిదేమీ లేదు. స్థలం ఏ జిల్లాలో ఉంటే ఆ కలెక్టరే.

పరిహారం వస్తుందా?

అత్యాచారాల నిరోధక నియమాల ప్రకారం ఇచ్చే సాయం కేసు గెలిచేదాకా ఆగదు. ఉదాహరణకు బహిరంగ దూషణకు లక్ష రూపాయలు. అందులో 25 శాతం ఎఫ్ఐఆర్ దశలో, 50 శాతం చార్జిషీటు వేశాక, మిగతా 25 శాతం శిక్ష పడ్డాక. ఇల్లు విడిచి పోయేలా చేసిన కేసులో డబ్బుతో పాటు మళ్లీ అక్కడే ఉండే ఏర్పాటు కూడా చేయాలి. ఇల్లు ధ్వంసమైతే ప్రభుత్వ ఖర్చుతో కట్టించాలి. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా లేక ఈ డబ్బు ఎక్కువగా ఆగుతుంది. రెండూ మొదటే సిద్ధం చేసుకోండి.

కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. మీ కేసు నంబరును ఆ సమావేశం అజెండాలో పెట్టమని సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయానికి లేఖ ఇవ్వండి. కమిటీ సభ్యులను కలిసి కేసు వివరాలు చెప్పడం తప్పేమీ కాదు.

మేం ముస్లింలం. ఇల్లు చూపించి, పేరు చెప్పగానే ఫోన్ ఎత్తడం మానేశారు. మాకు ఏ చట్టం ఉంది?

సూటిగా చెప్పాలి: సొంత ఇంటిని అద్దెకు ఇచ్చే ప్రైవేటు వ్యక్తి మతం చూసి కాదంటే, అతన్ని శిక్షించే చట్టం ఇవాళ్టికి లేదు. రాజ్యాంగంలోని 15(1) అధికరణం ప్రభుత్వానికి వర్తిస్తుంది. 15(2) దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల వంటి వాటి గురించి చెబుతుంది, ప్రైవేటు ఇళ్ల గురించి కాదు. 2005లో జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, పార్సీలకే సభ్యత్వమన్న సొసైటీ సొంత నియమాన్ని (బైలాను) కూడా సమర్థించింది. బుధవారపేట దాటి ఇంకో పేటలో ఇల్లు వెతుక్కునే కుటుంబానికి ఇది ఎంత కష్టమో తెలిసి కూడా చట్టం ఇంతకాలం నోరు మెదపకపోవడం పెద్ద అన్యాయం. దీన్ని సరిదిద్దాల్సింది పార్లమెంటు, శాసనసభ. ఆస్తి బదిలీ ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్రానికీ చట్టం చేసే అవకాశం ఉంది.

అయినా కొన్ని దారులున్నాయి. ఇల్లు ప్రభుత్వానిదో, కార్పొరేషన్‌దో, పట్టణాల్లో ఇళ్లు కట్టే ప్రభుత్వ సంస్థ టిడ్కోదో అయితే 14, 15 అధికరణాలు పూర్తిగా పనిచేస్తాయి. రిట్ పిటిషన్ వేయొచ్చు. ఫలానా మతంవాళ్లకు ఎవరూ ఇళ్లివ్వొద్దని సభ పెట్టి, పోస్టరు వేసి, గ్రూపుల్లో రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 196 కింద ఫిర్యాదు చేయొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఓనర్ ఇస్తానంటున్నా అసోసియేషన్ అడ్డుపడుతుంటే, ఆ నిబంధన రిజిస్టరైన బైలాలో ఉందో లేదో నకలు అడగండి. వాట్సాప్ గ్రూపులో చేసిన తీర్మానానికి ఓనర్ హక్కును ఆపే బలం లేదు. రాష్ట్ర మైనారిటీ కమిషన్‌కు రాయొచ్చు. కానీ దాని సిఫారసుతో ఇల్లు చేతికి రాదని తెలిసే రాయండి.

క్రైస్తవంలోకి మారిన కుటుంబాలకు?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్తులకే. మారినవారిని మన రాష్ట్రంలో బీసీ-సీగా లెక్కిస్తారు. అత్యాచారాల నిరోధక చట్టం వారికి నిలవడం కష్టం. అయితే 1955 చట్టంలోని సెక్షన్ 4 ‘ఏ వ్యక్తినైనా’ అంటుంది. అంటరానితనం వల్లే ఇల్లు నిరాకరించారని చూపగలిగితే అది పనికొస్తుంది. సెక్షన్ 12 ఇచ్చే సౌకర్యం మాత్రం దొరకదు, నిరూపణ భారం మీదే పడుతుంది. సాక్ష్యం ఇంకా గట్టిగా ఉండాలి.

ఒంటరి మహిళలు, ట్రాన్స్‌జెండర్లు, హెచ్ఐవీతో జీవించేవారు, దివ్యాంగులు?

ఒక్కొక్కరికీ చట్టం బలం వేరు. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, 2017 అద్దెకు తీసుకునే, నివసించే హక్కును కాదనడాన్ని స్పష్టంగా నిషేధించింది. ఈ ఫిర్యాదులు వినే అధికారి అయిన రాష్ట్ర అంబుడ్స్‌మన్ 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. పాటించకపోతే పది వేల దాకా జరిమానా, ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ ఐదు వేల దాకా. ఫిర్యాదులో మీ పేరు బయటపడకుండా చూడమని కోరే హక్కుంది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం, 2019లోని సెక్షన్ 3 కూడా అద్దె విషయంలో వివక్షను నిషేధించింది. కానీ దానికి విడిగా శిక్ష రాయలేదు. ఇంటి నుంచి, ఊరి నుంచి వెళ్లగొడితే మాత్రం సెక్షన్ 18 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు ఉంది.

దివ్యాంగులకు 2016 చట్టంలోని సెక్షన్ 37 ప్రకారం ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో 5 శాతం కోటా ఉంది. అర్జీలో సదరం సర్టిఫికెట్ నంబరు వేసి, ఆ కోటాలో ఎంతమందికి ఇచ్చారని విడిగా అడగండి.

ఒంటరి మహిళకు ఇల్లివ్వనంటే దానికంటూ చట్టం లేదు. భర్త ఇంటి నుంచి గెంటేస్తే మాత్రం గృహహింస చట్టం, 2005 ఉంది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే, కలిసి కాపురమున్న ఇల్లయితే నివాస హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 181కి ఫోన్ చేయండి.

ఇంట్లో చేరాక కులం తెలిసి, నీళ్లు, కరెంటు ఆపేసి ఖాళీ చేయమంటున్నారు.

చేరకముందు కంటే ఇప్పుడు మీ చేతిలో బలం ఎక్కువ. నెలవారీ అద్దెకు ఉన్నవారిని ఖాళీ చేయించాలంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం కనీసం 15 రోజుల రాతపూర్వక నోటీసు కావాలి. గడువు అయ్యాక కూడా సామాన్లు బయట పడేసే హక్కు ఓనర్‌కు లేదు, కోర్టుకే వెళ్లాలి. మీరు ముందుగా ఖాళీ చేయించకుండా ఆపే ఉత్తర్వు (ఇంజంక్షన్) సివిల్ కోర్టులో అడగొచ్చు. ఇప్పటికే తాళం వేసేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేయాలి. ఆ గడువు దాటితే ఈ సులువు దారి మూసుకుపోతుంది. కులం కారణమని సాక్ష్యం ఉంటే క్రిమినల్ ఫిర్యాదు విడిగా.

వీటన్నిటికీ మీరు అద్దెదారు అని చూపే కాగితం కావాలి. 11 నెలల ఒప్పందం లేకపోయినా ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపిన అద్దె, గ్యాస్ కనెక్షన్ చిరునామా, పిల్లల స్కూలు రికార్డు పనికొస్తాయి. అద్దె నగదుగా ఇస్తూ రసీదు తీసుకోకపోవడమే మనవాళ్లను ఎక్కువగా ముంచుతోంది. గొడవ మొదలైన నెల అద్దె ఆపొద్దు. తీసుకోకపోతే మనియార్డర్ చేయండి, తిరిగొచ్చిన ఫారం దాచండి.

ఇంటి పట్టాలు, ప్రభుత్వ ఇళ్ల విషయంలో ఎవరి పని ఏది?

కేంద్రం డబ్బు, మార్గదర్శకాలు ఇస్తుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో లక్ష్యంలో 60 శాతం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలన్నది కేంద్రం నిబంధనే. భూమి రాష్ట్ర జాబితాలోది కాబట్టి ఎవరికి, ఎన్ని సెంట్లు అన్నది రాష్ట్రం తేలుస్తుంది. ఇప్పటి విధానంలో గ్రామంలో 3 సెంట్లు, పట్టణంలో 2 సెంట్లు, అంటే సుమారు 145 గజాలు, 97 గజాలు. సచివాలయంలో అర్జీ తీసుకుంటారు, వీఆర్వో విచారిస్తారు, తహసీల్దార్ అర్హత తేలుస్తారు, ఆపైన ఆర్డీవో, కలెక్టర్. కర్నూలు జిల్లాలో కర్నూలు, ఆదోని, పత్తికొండ రెవెన్యూ డివిజన్లు. ఇల్లు కట్టే బిల్లులు హౌసింగ్ శాఖ ఏఈ చేతిలో. జగన్నాథగట్టు వంటి చోట్ల టిడ్కో ఫ్లాట్లకు కార్పొరేషన్, టిడ్కో. వార్డు మెంబరు, కార్పొరేటర్ సిఫారసు చేయగలరు గానీ అర్హత తేల్చే అధికారం వాళ్లకు లేదు. ‘మన పార్టీవాళ్లకే’ అని ఎవరైనా అంటే ఆ మాట, తేదీ రాసి పెట్టుకోండి.

జాబితాలో నా పేరు లేదు. వివక్ష అని వెంటనే ఫిర్యాదు చేయాలా?

ముందు కారణం కాగితం మీద తెప్పించుకోండి. తిరస్కరణల్లో చాలావరకు రికార్డు తప్పులే. అద్దె ఇంటి కరెంటు మీటరు మీ ఆధార్‌కు తగిలి ఉండటం, తాత పేరున ఉన్న ఉమ్మడి భూమి మొత్తం 1బి భూ రికార్డులో మీ నాన్న ఖాతాలో కనబడటం, పెళ్లయిన కొడుకు కుటుంబం విడిగా నమోదు కాకపోవడం. వీటిని సచివాలయంలో, భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో చూసి సరిచేయించుకుంటే పని అయిపోతుంది. వీటికి ఎస్సీ కమిషన్‌కు రాస్తే ఏడాది పోతుంది.

రికార్డు సరిగా ఉన్నా పేరు రాకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లరేషన్ కార్డుదారులకు ఫీజు ఉండదు, నకలు జతచేస్తే చాలు. అడగాల్సినవి: నా దరఖాస్తు ఫైలు, విచారణ నివేదిక నకలు, మా గ్రామంలో వర్గాల వారీగా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నిటిని ఆమోదించారు, లేఅవుట్ ప్లాన్ నకలు. ఇతరుల ఆధార్, బ్యాంకు వివరాలు అడగొద్దు. వ్యక్తిగత సమాచారమని మొత్తం అర్జీనే తిప్పేస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు ఇంకో 30 రోజులు.

లేఅవుట్‌లో ఎస్సీల ప్లాట్లన్నీ వంక పక్కన, పల్లంలో వేశారు.

ఇది తిరస్కరణ కంటే కనిపెట్టడం కష్టమైన వివక్ష. పట్టా చేతిలో ఉంటుంది, ఫోటో దిగుతారు, వానొస్తే పునాది నీళ్లలో ఉంటుంది. నల్లరేగడి నేల అయితే గోడ బీటలు తీస్తుంది. లేఅవుట్ ప్లాన్ తీసుకుని ప్లాట్ నంబర్ల పక్కన ఏ వర్గానికి ఇచ్చారో రంగులతో గుర్తు పెట్టండి. మెరక, రోడ్డు ముఖం ఒకరికి, వంక గట్టు ఇంకొకరికి పడ్డాయని ఆ ఒక్క కాగితం చూపిస్తుంది. లాటరీ తీశారా, తీస్తే మినిట్స్ ఎక్కడ అని అడగండి. వాన కురిసిన మర్నాడు తేదీ కనపడేలా ఫోటోలు తీయండి. దీన్ని ఒక్కరు కాకుండా ఆ వరుసలోని కుటుంబాలన్నీ సంతకాలు చేసి కలెక్టర్‌కు ఇవ్వాలి.

పట్టా ఇచ్చి పొజిషన్ చూపకపోతే, మండల సర్వేయర్‌తో కొలిపించి హద్దు రాళ్లు వేయించమని తహసీల్దార్‌కు విడిగా అర్జీ పెట్టండి. రాళ్లు వేశాక పంచనామా నకలు అడగండి. రాయి పీకేస్తే ఆ కాగితమే మిగిలేది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది, పని జరగలేదు.

ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ మళ్లీ కింది ఆఫీసుకే పోతుంది. ఎవరిపై ఫిర్యాదు చేశారో వారే విచారణాధికారి కావడం తరచూ జరిగే పొరపాటు. అందుకే అర్జీ మొదటి పేరాలోనే ‘ఈ ఫిర్యాదు ఫలానా ఆఫీసు తీరుపైన, కాబట్టి ఆర్డీవో స్థాయిలో విచారించాలి’ అని రాయండి. మూసేసిన అర్జీకి అధికారి రాసిన జవాబు (ఎండార్స్‌మెంట్) నకలు తీసుకుని, పాత నంబరు వేసి మళ్లీ తెరిపించండి. స్థితి తెలుసుకోవడానికి 1100. ఒక అర్జీలో ఒకే సమస్య. పట్టా, పింఛను, రోడ్డు కలిపి రాస్తే మూడింట్లో సులువైనది చేసి ఫైలు మూసేస్తారు.

కమిషన్లు ఎందుకు? ఎప్పుడు?

కింద రాతపూర్వకంగా అడిగి, విఫలమయ్యాక. జాతీయ ఎస్సీ కమిషన్, జాతీయ ఎస్టీ కమిషన్‌లకు సివిల్ కోర్టు మాదిరిగా అధికారులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం ఉంది. కలెక్టర్‌కు, ఎస్పీకి నోటీసు వెళితే ఫైలు కదులుతుంది. మీ దరఖాస్తు, రసీదులు, ఎండార్స్‌మెంట్లు వరుసగా పిన్ చేసి పంపండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ను 2021లో కర్నూలులోనే ఏర్పాటు చేశారు. అది అధికారుల వైఫల్యాన్ని విచారిస్తుంది, సంఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేరాలి. ప్రైవేటు ఓనర్‌పై నేరుగా దానికి రాయడం వృథా. పోలీసులు కేసు కట్టలేదని రాస్తే తీసుకుంటుంది.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడ ఇలాంటివాటికి ఒకే చట్టం ఉందంటారు?

ఉంది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, లింగం, వైకల్యం, పిల్లలున్న కుటుంబం అన్న కారణాలతో ప్రైవేటు ఓనర్ కూడా ఇల్లు నిరాకరించకూడదంటుంది. ఓనర్ తానూ అందులోనే ఉండే నాలుగు వాటాలలోపు ఇళ్ల వంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఫిర్యాదు కేంద్ర గృహనిర్మాణ శాఖ హడ్‌కు ఏడాదిలోపు, కోర్టుకైతే రెండేళ్లలోపు. తనతో సమానమైన చట్టం ఉన్న రాష్ట్ర, నగర సంస్థలకు హడ్ ఆ ఫిర్యాదును అప్పగిస్తుంది. పోలీసు ఫిర్యాదులను పక్కన పెడితే, ఎక్కడ ఇచ్చినా సరైన చోటికి చేరే ఆ ఏర్పాటే మనకు లేనిది.

లాయరు ఫీజు కట్టలేం.

కట్టనక్కరలేదు. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. కర్నూలు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆధార్, కుల పత్రం, ఫిర్యాదు నకలు, పోస్టల్ రసీదులు తీసుకెళ్లండి. ఇంజంక్షన్ అత్యవసరమైతే ఆ మాట దరఖాస్తు పైనే పెద్ద అక్షరాలతో రాయండి. లేకపోతే మామూలు వరుసలో పడుతుంది. ఇచ్చిన లాయరు వాయిదాలకు రాకపోతే మార్చమని అదే ఆఫీసులో రాతపూర్వకంగా అడగొచ్చు.